ఎనిమిదడుగుల సున్నపుగీత

గునపం నెత్తిన సుత్తి పడ్డ ప్రతిసారీ లేవికి అక్కడ బయపురెడ్డి నెత్తే కనిపిస్తోంది.

వైశాఖపు ఎండకు నల్లరేగడి పైన జానెడు మందం రాయిలా బిగుసుకుపోయింది. ఆ జానెడు దిగితే కింద చెమ్మ తగులుతుంది. చెమ్మ తగిలితేనే తీగకు ఎర్తు, అంటే నేల పట్టు, అందుతుంది, ఎర్తు అందకపోతే అతను వాయించే పెట్టె పలకదు. అందుకని నల్లమిట్ట చావిడి ముందు, అరుగుకు ఇరవై అడుగుల ఇవతల, మిట్టమధ్యాహ్నం మోకాళ్ళ మీద కూర్చుని కొడుతున్నాడు. మిలిటరీ ఖాకీచొక్కా వీపుకు అంటుకుపోయింది. నలభై నాలుగేళ్ళ మనిషి. దెబ్బదెబ్బకూ మెడ నరాలు తాళ్ళలా లేస్తున్నాయి. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. తీగలు అతికే కడ్డీకి కాలి కాలి, గోరు ఉండాల్సిన చోట నల్లటి కాయ కట్టింది.

బయపురెడ్డి ఈ ఊరి మునసబు. ముప్పై నాలుగేళ్ళ కిందట లేవి మిషను బడిలో ఐదో తరగతి చదువుతుండగా, వెట్టికి ఒక మనిషి తక్కువైనాడని కిటికీలోంచి కర్ర దూర్చి, డొక్కలో పొడిచి, బయటికి తోలుకుపోయింది అతనే. అప్పటికింకా మునసబు కొడుకు. ఆ రోజు బల్ల మీద వదిలిన పలకను లేవి మళ్ళీ చూడలేదు. అయ్యవారు అడ్డం రాలేదు, ప్రార్థన చేశాడు.

లేవి తాతా, తండ్రీ ఊరికి వెట్టి చేసినవాళ్ళు. టముకు వేయడం, శిస్తు మూట కచేరీకి మోయడం, వచ్చిన అధికారి గుర్రానికి గడ్డి కోయడం. జీతం లేదు. దానికి బదులు ఊరికి తూర్పున ఒక రాళ్ళచేను మాన్యంగా ఇచ్చారు. వెట్టి చేసినన్నాళ్ళే మాన్యం. లేవి కర్నూలు చేరి మైకుసెట్టు పెట్టుకున్నాక అతని పేరు మీద చిన్నాన్న కొడుకు వెట్టి చేస్తూ వచ్చాడు. పోయిన పుష్యమాసంలో కలరాకు అతను పోయాడు. అప్పటినుంచి బయపురెడ్డి కన్ను చేను మీద పడింది. చేనును సాగు చేస్తున్నది లేవి భార్య కృపమణి. రాళ్ళన్నీ ఏరి గట్టున పేర్చి, అందులో కొర్ర పండించి చూపింది. రాళ్ళున్నంత కాలం ఆ చేను ఎవరికీ గుర్తు రాలేదు.

పోయిన నెలలో కోర్టుపని మీద కర్నూలు వచ్చి బయపురెడ్డి మైకుసెట్టు గదికి కబురు పెట్టాడు. లోపలికి రాలేదు. రోడ్డు మీదే నిలబడి లేవిని బయటికి పిలిపించుకున్నాడు.

“ఏమ్రా లేవీ, రాజధానిలో పెద్దమనిషివైనావంటనే?”

“ఏం పెద్దమనిషి రెడ్డీ. తీగెలు కట్టేటోణ్ణి.”

“నువ్వు ఈడ తీగెలు కట్టుకుంటా కూచుంటే ఆడ టముకు ఎవుడు కొట్టల్ల? మీ నాయన సమాధిలోంచి లేసొస్తాడా?”

“మనిషిని పెడతా.”

“మనిషిని పెడతాడంట, కలెక్టరు!” బయపురెడ్డి పక్కనున్న వాళ్ళ వైపు చూసి నవ్వించాడు. తరువాత గొంతు తగ్గించాడు. “వైశాఖంలో మా మనవరాలికి తాంబూలాలు. కమలాపురం నుంచి వియ్యంకుడు శానామందితో వస్తాడు. ఆయప్ప ముందర నీ ఏడుపుపెట్టె వాయించల్ల. ముట్టకుండానే పలుకుతాదని చెప్పినా, నమ్మల్యా. బాగా వాయించినావంటే మాన్యం నీకే నిలబెడతా. కాగితం ఆ దినమే చావిడికాడ చేతిలో పెడతా. చాల్నా?”

చాలదనే ధైర్యం లేవికి ఎక్కడిది?

గునపం మూరెడు దిగింది. లేవి రాగితీగ చుట్టి, నోటితో లాగి బిగించాడు. అది తండ్రి గునపం. చేతులు తగిలే చోట నునుపు తేలి, మొన వైపు ఒకింత వంకర పోయింది. ఆ చేలోని బండల్లో సగం దానితో లేచినవే. కర్నూల్లో ఎన్ని సభలకు ఎర్తు వేసినా లేవి ఈ గునపమే వాడతాడు. కొత్త కడ్డీ కొనుక్కోమని అందరూ అంటారు.

కోడుమూరు నుంచి సామాను తెచ్చిన బండి బొజ్జన్న చావిడి మిద్దె మీద నిలబడి హారన్లు కడుతున్నాడు. బోయవాడు గనక మిద్దె ఎక్కగలడు. లేవి చావిడి అరుగు ఎక్కకూడదు. అతని హారను ఎక్కవచ్చు, గుడి ముందరి స్తంభానికి కూడా వేలాడవచ్చు. అంటు పేరుతో ఎడం పాటించడం ఇక నేరమని కొత్త చట్టం వచ్చినట్టు పోయినేడు కర్నూల్లో లేవి మైకు కట్టిన సభలోనే ఒకాయన గంటసేపు చెప్పాడు. సభ వెనక బ్యాటరీ పక్కన కూర్చుని లేవి అంతా విన్నాడు. ఆ చట్టం ఇంకా కోడుమూరులో బస్సు దిగినట్టు లేదు.

“ఏమప్పా లేవీ, నాలుగోది యాడ కట్టల్ల?” మిద్దె మీంచి బొజ్జన్న అరిచాడు.

“యాపమానుకు కట్టు. మొగం మా పేట తట్టు తిప్పు.”

“రెడ్డి అన్నీ ఊరి తట్టే తిప్పమనె.”

“మూడు తిప్పితిమి గదా. పేటోళ్ళకు చెవుల్లేవా?”

“చెవులకేం, శానా ఉండాయి. కూలే లేదు,” అని నవ్వి, బొజ్జన్న వేపచెట్టెక్కి హారను పేట వైపే తిప్పి కట్టాడు.

లేవి పెట్టెను ముక్కాలి పీట మీద పెట్టాడు. టేకుచెక్కతో చేసిన పాత రేడియో గూడు. కుడివైపు జానాబెత్తెడు ఇత్తడి కడ్డీ నిలువుగా, ఎడమవైపు కడియమంత తీగచుట్ట అడ్డంగా పైకి లేచి ఉంటాయి. కడ్డీకి చెయ్యి దగ్గరయ్యేకొద్దీ స్వరం పైకి పోతుంది. చుట్టకు చెయ్యి దగ్గరైతే గొంతు అణుగుతుంది, దూరమైతే విప్పారుతుంది. దేన్నీ ముట్టడు. గాలిలోనే రెండు చేతులూ ఆడిస్తాడు. దాని గొంతు చిన్నది గనక ఎదురుగా మైకు నిలబెడతాడు. మైకు మీట విరిగి ఎనిమిదేళ్ళయింది. రాగితీగ చుట్టి ఎప్పుడూ పలికేట్టు చేశాడు. మాట్లాడాల్సి వస్తే ఎడమ అరచేత్తో దాని మొగం మూస్తాడు. అది ఎంత అలవాటంటే, ఇంట్లో కృపమణితో పోట్లాడేటప్పుడు కూడా ఆ చెయ్యి కొంచెం లేస్తుంది.

పెట్టెకు సరిగ్గా దిగువన ఒక మేకు దిగేసి, దానికి ఎనిమిదడుగుల పురికొస కట్టాడు. రెండో కొసకు సున్నపుడబ్బా కట్టి, వంగి నడుస్తూ చుట్టూ గీత వేశాడు. గునపం గీతలోపలే, ఒక పక్కన నిలబడింది. మనిషి ఒంట్లో ఏదో ఉంది. మిలిటరీలో హవల్దారు దానికో ఇంగ్లీషు పేరు చెప్పాడు గానీ లేవి మరిచిపోయాడు. పెట్టె మాత్రం మరిచిపోదు. ఎవరైనా ఆ గీత దాటి లోపలికొస్తే స్వరం జారుతుంది. వచ్చింది రెడ్డయినా, కుక్కయినా దానికి ఒకటే.

బర్మా సరిహద్దులో అతను దాన్ని మొదట విన్నాడు. వైర్‌లెస్ గుడారంలో ఊడ్చే పని. ఒక పాడైన సెట్టు ఊరికే ఊళపెడుతుంటే సిపాయిలు తిట్టుకుంటున్నారు. లేవి చీపురు పట్టుకుని దాని పక్కనుంచి పోతే ఊళ పైకి లేచింది. వెనక్కి వస్తే దిగింది. ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు నడిచాడు. నాలుగోసారికి అతని తల్లి కలుపు తీస్తూ పాడే పాటలో మొదటి వరుస పలికింది. చీపురు అక్కడే పడేసి నిలబడిపోయాడు. దానికి హవల్దారు చెంప మీద కొట్టాడు. రెండేళ్ళ తరువాత అదే హవల్దారు అతనికి తీగలు అతకడం నేర్పాడు. ఎందుకు నేర్పాడో లేవికి ఇప్పటికీ తెలియదు.

తిరిగొచ్చాక ఈ పెట్టె చేయడానికి ఒక యేడు పట్టింది. చేశాక దాన్ని వాద్యమని ఒక్కరూ అనలేదు. క్రిస్మసుకు చర్చిలో వాయిస్తే సంఘపెద్దలు దయ్యపు గొంతన్నారు. నాటకాల కంపెనీ వాళ్ళు పాము బుసలకూ, శ్మశానం సీనుకూ, ఉరుముకూ పిలిచారు. ఆదోనిలో, నంద్యాలలో, కడపలో తెర వెనక వాయించాడు. ఒకసారి కడపలో తెర ముందు పదినిమిషాలిస్తే, జనం వచ్చి అతని చేతుల కింద దారాలున్నాయేమోనని తడిమి చూశారు. పాట ఏదని మాత్రం అడగలేదు. ఎవడో ‘ఏడుపుపెట్టె’ అన్నాడు. ఆ పేరే నిలిచింది. ఎనిమిదేళ్ళుగా ఎందరి పేర్లో, బిరుదులో, దగ్గులో అతని హారన్లలోంచి జిల్లా అంతా మోగాయి. లేవి అనే పేరు వాటిలోంచి ఒక్కసారైనా బయటికి రాలేదు.

కృపమణి చెంబుతో నీళ్ళూ, ఆకులో సంగటీ తెచ్చింది. పొట్టి మనిషి, అరచేతులు మగవాడి అరచేతుల్లా బండబారాయి. గీత బయటే ఆగింది. ఆమెకు చెప్పనక్కర్లేదు.

“దున్ని పెట్టినా. ఒక వాన పడితే ఇత్తడమే,” అంది.

“ఊఁ.”

“ఊఁ గాదు, ఇను. ఈ ఒక్క దినం నోరు తెరవాకు. రెడ్డి ఏమన్నా గమ్మునుండు. ఉమ్మేసినా తుడుచుకో. కాగితం చేతికొచ్చినాక యాడన్నా అరుచుకో, నేనూ అరుస్తా నీతో.”

“తెలుసులే.”

“నీకేం తెలుసు? చేలో గుడిసె నాది, నడుము నాది. నీకు ఆ పెట్టె ఒక్కటే తెలుసు.”

లేవి సంగటి ముద్ద మింగి చెయ్యి కడుక్కున్నాడు. ఆమె మాటలో తప్పేమీ లేదు. అందుకే ఇంకా మండింది.

నాలుగు గంటలకు తాంబూలాలు ముగించుకుని వియ్యంకులు చావిడికి వచ్చారు. అరుగు మీద జంపఖానా పరిచారు. ఊరు ఊరంతా గీత చుట్టూ చేరింది. పేటవాళ్ళు పేటలోనే ఉండిపోయారు, వాళ్ళకు నాలుగో హారను ఉంది. వియ్యంకుడు నారాయణరెడ్డి లావుపాటి మనిషి, చమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. బయపురెడ్డి తెల్లటి జుబ్బా వేసుకున్నాడు. జేబులోంచి మడిచిన కాగితం అంచు కనిపిస్తోంది. లేవి చూడాలనే అలా పెట్టుకున్నాడు.

“కానీరా,” అన్నాడు.

లేవి చేతులు లేపాడు.

మొదటి స్వరం మెల్లగా, నేలలోంచి వస్తున్నట్టు వచ్చింది. నాలుగు హారన్లూ దాన్ని అందుకున్నాయి. ఎవడో కిసుక్కున నవ్వాడు. లేవి వినలేదు. కుడిచేతి వేళ్ళు సన్నగా వణికించి స్వరాన్ని ఊపాడు. తల్లి కలుపు పాట. వంగిన నడుము ఎత్తకుండా పాడే పాట కాబట్టి అందులో ఊపిరి మధ్య మధ్య తెగుతుంది. ఆ తెగుడు కూడా అతను ఎడమచేత్తో పలికించాడు. నవ్వు ఆగింది. మిద్దెల మీది ఆడవాళ్ళు మాటలు ఆపారు. వాళ్ళ చేలల్లో కలుపు తీసినవాళ్ళు పాడగా విన్న పాటే అది. ఎక్కడ విన్నదో తెలియక ముఖముఖాలు చూసుకున్నారు.

నారాయణరెడ్డి తుండుగుడ్డ ఒళ్ళో పెట్టుకున్నాడు. “మంచి పాట బావా. ఈయప్ప పేరేంది?”

“మా ఊరి వెట్టోడు,” అన్నాడు బయపురెడ్డి.

లేవి ఆ మాట విన్నాడు. చేనూ, దున్నిన సాళ్ళూ, గట్టున పేర్చిన రాళ్ళూ తలుచుకుంటూ పాట రెండో వరుసలోకి పోయాడు.

తనను కాక పాటను మెచ్చుకోవడం బయపురెడ్డికి నచ్చలేదు. అరుగు దిగి, వియ్యంకుడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. “రా బావా, దగ్గరికి రా. దీంట్లో ఏముండాది, నేనూ పలికిస్తా సూడు.” సున్నపుగీత మీద చెప్పు వేసి లోపలికొచ్చాడు. నారాయణరెడ్డీ వచ్చాడు.

స్వరం జారింది. లేవి కుడిచెయ్యి సవరించాడు. రెడ్డి ఇంకో అడుగు వేశాడు. లేవి వెనక్కి జరిగి, చెయ్యి చాపి, పాటను ఎలాగో పట్టుకున్నాడు. రెడ్డి ఇంకో అడుగు. లేవి మళ్ళీ జరిగాడు. మడమకు ఏదో మెత్తగా తగిలితే చూసుకున్నాడు. అది సున్నం. తను వేసిన గీత దగ్గరికి తనే వచ్చేశాడు. ఇంకో అడుగు వేస్తే తనే బయట.

బయపురెడ్డి కడ్డీ వైపు చెయ్యి చాపాడు. పెట్టె కుక్కపిల్లను తొక్కినట్టు కీచుమంది. నాలుగు హారన్లూ కీచుమన్నాయి. జనం నవ్వారు. చెయ్యి లాక్కుంటే ఊళపెట్టింది, చాపితే కీచుమంది. నవ్వు పెరిగింది.

“ఏమ్రా, నా చేతికి ఏడుస్తాంది ఇది? ఏం జేసినావురా దీన్ని?”

లేవి పెట్టె దగ్గరికి వచ్చాడు. చిన్నగొంతుతో, పని చేసేచోట ఎవరికైనా చెప్పే మాటే చెప్పాడు.

“ఎడంగా నిలబడు రెడ్డీ. నువ్వు దగ్గరికొస్తే చెడిపోతాది.”

మైకు ఎదురుగానే ఉంది. మాట్లాడేటప్పుడు ఎడమ అరచెయ్యి లేచి దాని మొగం మూయాలి. ఎనిమిదేళ్ళుగా మూస్తూనే ఉంది. ఈసారి లేవలేదు.

చావిడి మిద్దె ఆ మాట అంది. గుడి ముందరి స్తంభం అంది. వేపచెట్టు అంది. ఎడంగా నిలబడు రెడ్డీ. నువ్వు దగ్గరికొస్తే చెడిపోతాది. ఊళ్ళో వీధివీధినా, బావికాడా, దొడ్లలో పశువులకాడా మోగి, చివరి మాట పొలాల మీదికి పోయింది.

తరువాత పేట వైపునుంచి నవ్వు వినిపించింది. ముందు ఒక ఆడమనిషి నవ్వు, ఆపైన పదిమంది నవ్వు, ఆపైన ఎందరిదో. నాలుగో హారను లేకపోతే ఆ నవ్వు ఉండేది కాదు.

నారాయణరెడ్డికి ఏమీ అర్థం కాలేదు. ఎడంగా నిలబడమన్నారు గనక మర్యాదగా వెనక్కి నడిచి గీత దాటి నిలబడ్డాడు. అతన్ని చూసి జనమూ రెండడుగులు వెనక్కి జరిగారు. గీత లోపల బయపురెడ్డి ఒక్కడు మిగిలాడు, ఎదురుగా లేవి.

బయపురెడ్డి అరవలేదు. చెప్పుకు అంటిన సున్నాన్ని చూసుకున్నాడు. నేలకేసి రుద్ది, నడిచి వెళ్ళి అరుగెక్కి కూర్చున్నాడు. వియ్యంకుడికి తమలపాకులు అందించాడు. జేబులోని కాగితం తీసి, దానితో రెండుసార్లు విసురుకున్నాడు.

“గిడ్డయ్య యాడుండాడో పిలుసుకరండి.”

గిడ్డయ్య పేటలో ఆఖరి గుడిసెవాడు, పాతికేళ్ళవాడు. తలగుడ్డ చంకలో పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఇంతకుముందే నవ్వినట్టుంది, పెదవుల చివర ఇంకా దాని తడి ఉంది.

“రేపట్నుంచి టముకు నువ్వేసుకో. మాన్యం నువ్వే దున్నుకో. దున్నేదేముండాదిలే, దున్నే ఉండాదంట, ఇత్తుకో.”

గిడ్డయ్య ఒక్కసారి లేవి వైపు చూశాడు. “అట్లనే సామీ,” అన్నాడు. మళ్ళీ చూడలేదు.

“నువ్వు సదురుకోరా,” అన్నాడు బయపురెడ్డి లేవితో, కొత్తమనిషితో అన్నట్టు. “చుట్టాలు బోంచేస్తారు. ఆళ్ళకు కనపడకుండా పో.”

లేవి ముందు బ్యాటరీ తీగ పీకాడు. పెట్టె గొంతు చల్లారుతూ సన్నగా దిగి ఆగిపోయింది. బొజ్జన్న హారన్లు దించాడు. నాలుగోది బండిలో పడేస్తూ అన్నాడు, “మీ పేటోళ్ళు నవ్వకపోతే సరిపోతాండె.”

“నవ్వనీలే. కూలి లేనోళ్ళు, నవ్వన్నా ఉండనీ.”

కృపమణి చేను నుంచి వచ్చింది. రెండు గిన్నెలు, చాట, కొడవలి, గంప కింద కోడిపెట్ట. గుడ్డలో చుట్టిన బైబిలు చంకలో ఉంది. ఎవరూ చెప్పకుండానే బండి ఎక్కి, ఊరికి మొగం పెట్టి కూర్చుంది. ఆ గుడిసెకు తాళమెప్పుడూ లేదు, వేయాల్సిన పనీ లేదు.

“ఏమయ్యా,” అంది కొంతసేపటికి. “మరిచినావా, కావాలనే అంటివా?”

లేవి ఎడమ అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. మైకు జల్లెడ అచ్చు ఎనిమిదేళ్ళుగా దాని మీద పడుతూ పడుతూ సన్నటి మచ్చలు మచ్చలుగా నిలిచిపోయింది.

బొజ్జన్న ఎద్దుల మెడ సరిచేస్తూ వెనక్కి చూశాడు. “గునపం మరిచినావు గదప్పా.”

లేవి దిగి పోయాడు. రెండు చేతులా పట్టి ఊపాడు. మధ్యాహ్నం దిగిన చెమ్మలో అది గట్టిగా కూర్చుంది. అరుగు మీద వియ్యంకుల నవ్వులు. ఎవరో ‘ఇంకా పోలేదా ఈడు’ అన్నారు. మరోసారి ఊపి వదిలేశాడు. తీగను పీకబోతే సగంలో తెగింది. తెగిన ముక్కను అక్కడే విడిచి, వచ్చి బండెక్కాడు.

బండి కోడుమూరు దారి పట్టింది. ఎద్దుల మువ్వలు కొంతదూరం వినిపించి ఆగిపోయాయి. చావిడి ముందు విస్తళ్ళు వేశారు. పిల్లల కాళ్ళ కింద సున్నపుగీత అక్కడక్కడా చెరిగింది. దాని లోపల గునపం నిలబడే ఉంది. పట్టుకునే చోట నునుపు మెరుస్తోంది, మెడకు చుట్టిన రాగితీగ తోక గాలికి ఆడుతోంది. లేవి తండ్రి ముప్పై యేళ్ళు దానితో బండలు పెకలించిన మాన్యం, నల్లమిట్ట తూర్పు పొలం, ఎకరా అరవై రెండు సెంట్లు, రేపటినుంచి గిడ్డయ్యది.